పగులు కంటికి కనబడకముందే

మా ఉద్యోగజీవితమంతా బాయిలర్ల మధ్యనే గడిచింది. వైద్యశాస్త్రంలో మాకు ప్రవేశం లేదు. అయినా కలం పట్టడానికి కారణం ఒక సహోద్యోగి సతీమణి మరణం. ప్రతి షట్‌డౌన్‌లోనూ వెల్డింగ్ జాయింట్లన్నీ పరీక్షించనిదే సంతకం చేయని మిత్రుడాయన. రుతుక్రమం ఆగిపోయిన తర్వాత కనబడిన రక్తస్రావాన్ని ఆమె వయసు ప్రభావమని సరిపెట్టుకున్నారు, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. గర్భాశయ ముఖద్వారంలో పుట్టిన క్యాన్సర్ బయటపడేసరికి మూత్రాశయం దాకా వ్యాపించింది. ఆమెకు యాభై రెండేళ్ళు. అంతకుముందు ఒక్క పరీక్షయినా జరగలేదు.

ఈ వ్యాధికి మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్ కణాలలో 1983లో 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని కనుగొన్నది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. రెండు వందలకు పైగా ఉన్న రకాలలో ఈ రెండే సుమారు 70 శాతం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు కారణం. కణవిభజనను అదుపులో ఉంచే మన ప్రోటీన్లను వైరస్ ప్రోటీన్లు రెండు నిర్వీర్యం చేస్తాయి. సేఫ్టీ వాల్వునూ ట్రిప్ రిలేనూ ఒకేసారి కట్టివేసినట్లన్నమాట!

ఇది లైంగిక సంపర్కం ద్వారా సోకుతుంది. ఈ మాట వినగానే ఇళ్ళలో గొంతులు తగ్గుతాయి, అనుమానాలు లేస్తాయి. నిజానికి దాంపత్యజీవితం గడిపే స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్ళలోపే దానంతటదే తొలగిపోతుంది. పురుషులలో తరచు ఏ లక్షణమూ కనబడదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు.

తొలగిపోని కొద్దిమందిలో అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. తనిఖీకి అంత గడువిచ్చే యంత్రాన్ని మేమింతవరకు చూడలేదు. అయినా 2022లో మన దేశంలో దాదాపు 80 వేలమంది స్త్రీలు ఈ క్యాన్సర్‌తో మరణించినట్లు అంచనా.

డై పెనెట్రెంట్ టెస్టు మనకు తెలిసినదే: రంగు పూసి, తుడిచి, డెవలపర్ చల్లితే కంటికందని పగులు గీతగా తేలుతుంది. గర్భాశయ ముఖద్వారానికి చేసే ఒక పరీక్ష అచ్చంగా అటువంటిదే. పలుచని ఎసిటిక్ ఆమ్లం పూస్తే, మార్పు చెందిన చోటు నిమిషంలో తెల్లబడుతుంది. 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకొకసారి ఈ పరీక్ష జరగాలని 2016 నాటి జాతీయ మార్గదర్శకాలు నిర్దేశించాయి. వైరస్ డిఎన్ఎను పట్టే పరీక్ష ఇంకా నిశితమైనది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (నేటి ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్పై వేలమంది స్త్రీలతో జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి డిఎన్ఎ పరీక్ష జరిపిన వర్గంలో, ఎనిమిదేళ్ళ కాలంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి!

ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య టీకా వేయించడం ఉత్తమం. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 2023 జనవరిలో విడుదలయింది. టీకా అన్ని రకాలనూ అడ్డుకోదు కనుక తర్వాత పరీక్షలు మానరాదు.

మొన్నటి షట్‌డౌన్‌లో ఆ మిత్రుడు తన జేబు డైరీ తీసి మాకు ఒక పేజీ చూపారు. కుమార్తెలిద్దరి పేర్లు, పెద్దమ్మాయి పేరు ఎదుట ఒక తేదీ. ఆ అమ్మాయికి ఈ ఏడే ముప్పై నిండాయి.