‘సూపర్ అన్నా’ తోని ఆగొద్దు

మా పక్కూరి తమ్ముడొకడు ఒక పాట పాడి, ఫోన్ల రికార్డు జేసి అందరికీ పంపిండు. నాకు సుత వచ్చింది. సగం విన్న. ‘తమ్మీ, బీట్ లేదు. డీజేల పెడితే ఒక్కడు గూడ ఎగరడు’ అని రాసి, బువ్వ తిని పన్న.

తెల్లారి ఫోన్ జేసిండు. గొంతుల కోపం లేదు. కోపముంటే బాగుండు, నేనూ రెండు మాటలనేటోన్ని.

“అన్నా, అది డీజేకు కాదే. మా అమ్మమ్మ నాట్లేసుకుంట పాడేది. వంగి పాడే పాట. గంత ఉరికిస్తే నడుము ఇరుగుతది” అన్నడు.

మాట రాలే నాకు. నాటు పాట ఎట్లుంటదో తెల్వనోన్ని కాదు నేను. ఒకామె అందుకుంటది, మిగిలినోళ్లు గుంపుగ తిప్పి పాడుతరు. ఆ నడుమ దొరికే జాగలనే కట్టల నుంచి నారు పిలక తీసుడు, బురదల గుచ్చుడు, ఒకడుగు ఎనుకకు జరుగుడు. పాట ఎంత మెల్లగ పోవాల్నో చేతులు చెప్తయి. నేను ‘బీట్ లేదు’ అన్నది ఆ పని బీట్‌నే. పాటను తప్పు పట్టిన అనుకున్న గని, నా చెవి డీజే బాక్సుల ముంగట ఆగిపోయిందని నాకే ఎరుక లేకపాయె.

ఆ రోజు నుంచి పాట మీదనో, పుస్తకం మీదనో నోరు తెరిసే ముందు నన్ను నేను ఒకటి అడుక్కుంటున్న: ఇది దేనికోసం పుట్టింది? డప్పు సంగతే చూడుండ్రి. పెండ్లికొక దరువు, జాతరకొక దరువు, సావుకొక దరువు. సావు దరువు విని ‘జోష్ లేదు’ అంటే ఎవనికి నవ్వులాట? బతుకమ్మ పాటకు చప్పట్లే తాళం, చుట్టూ తిరిగే అడుగులే లెక్క. ఒగ్గు కథ రాత్రంత నడువాలె, అందుకే కథ చెప్పేటాయన సాగదీస్తడు, నడుమ నడుమ నవ్విస్తడు, డోలు మళ్ల నిద్ర లేపుతది. మూడు నిమిషాల పాటకు పెట్టిన కొలతబద్ద దానికి పెట్టొద్దు. పుస్తకాల సుత గంతే. పాటల పుస్తకం నవల లెక్క ఉరకదు, చరిత్ర పుస్తకం సీన్మ లెక్క మలుపులు తిరగదు.

నేను ‘సూపర్’ అనే మాటను చిన్నచూపు చూస్త లేను. అది భుజం తట్టుడు లెక్క. భుజం తట్టుడు గూడ గావాలె. గని పాడినోడు వంద ‘సూపర్’లు, రెండొందల మంట బొమ్మలు చూసుకున్నంక గూడ, తన రెండో చరణం మాటలు కోరస్‌ల కలిసిపోయి వినబడలేదని ఆయనకు తెలుస్తదా? ‘పల్లవి నోట్ల ఆడుతున్నది, రెండో చరణంల డోలు మాటను మింగింది’ అని ఒక్కరు రాస్తె వచ్చే పాటకు పనికొస్తది. ‘బోర్’ అన్నా, ‘సూపర్’ అన్నా ఆయన చేతిల పెట్టింది ఏం లేదు.

ఇగ మనోళ్లు ఎందుకు రాయరంటే, నాకు తెలిసినకాడికి సోమరితనం కాదు, భయం. ‘సమీక్ష’ అనంగనే అది పట్నపోళ్ల పని, పెద్ద సదువులోళ్ల పని అనుకుంటరు. మన యాసల రాస్తె నవ్వుతరేమో, అక్షరం తప్పు పోతదేమో అని గుంజుతది. చాయ్ హోటల్ కాడ ఒక సీన్మ పాటను అద్దగంట సేపు ఇప్పి ఇప్పి చెప్పే పోరగాడు, రాయమంటె మాత్రం ‘నైస్’ అని ఊకుంటడు. అరే, నువ్వు హోటల్ కాడ చెప్పిందే సమీక్ష! కాళోజీ పుట్టిన రోజు, సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినం లెక్క జేసుకుంటున్నం. దండలేసుడుతోని ఒడిసిపోతే ఎట్ల? మన మాటల మన అభిప్రాయం రాసుకునుడు గూడ ఆ పండుగ పనే.

అభిప్రాయానికి ఎంత బలమున్నదో చెప్పే ముచ్చట ఒకటి మన దగ్గరనే ఉన్నది. నిజాం జమానల ఒకాయన తెలంగాణల కవులే లేరన్నట్టు రాసిండు. ఒక్క మాట. ఇయ్యాల్టి లెక్కల అయితే ఏమైతుండె? రెండు దిక్కుల తిట్లు, స్క్రీన్ షాట్లు, మూడో దినం కొత్త లొల్లి. సురవరం ప్రతాపరెడ్డి గట్ల జేయలే. 1926ల ఆయన మొదలుపెట్టిన గోలకొండ పత్రిక చేతిలున్నది. కవుల వివరాలు, పద్యాలు పంపుండ్రని అడిగిండు. వచ్చినవన్ని కూడగట్టి 1934ల ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చిండు. అండ్ల 354 మంది కవులున్నరు. ‘లేరు’ అన్న మాటకు ‘ఉన్నరు, ఇగో చూడు’ అనే జవాబది. నేను దాన్ని తెలుగుల వచ్చిన అతి పెద్ద ఎదురు సమీక్ష అంట. పండితులు ఒప్పుకోకపోవచ్చు, నాకైతే గట్లనే కొడుతది.

అండ్ల నుంచి మనం తీసుకోవాల్సింది సాక్ష్యం. అభిప్రాయమంటె తీర్పొక్కటే కాదు, దాని ఎనుక పుస్తకంల నుంచో, పాటల నుంచో ఏలుబెట్టి చూపే జాగ ఉండాలె. నేనెట్ల రాస్తనో ఒక పుస్తకం తోని చెప్త. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. 1969ల వచ్చిన నవల, 1971ల ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ముందుగల్ల నేను రాసుకున్నది ఇది: ‘మస్తున్నది. దొరల దౌర్జన్యం కండ్ల ముందర కట్టినట్టున్నది.’ ఈ రెండు ముక్కలు దొరల మీద వచ్చిన ఏ పుస్తకం కిందనైనా అతుకుతయి. అంటె ఈ పుస్తకం గురించి నేను ఏమీ చెప్పలే అన్నట్టు.

మళ్ల కూసోని రాసిన. ‘నిజాం కాలంల ఒక ఊరి గడీకి సంగీతం తెలిసినోడొకడు బతుకుదెరువుకు వస్తడు. బయట నుంచి వచ్చినోడు గాబట్టి, ఊరోళ్లకు అలవాటైపోయిన ఘోరాలు ఆయనకు కొత్తగ కనబడుతయి. ఆయన కండ్ల తోనే మనం గూడ చూస్తం. పాట ఇనే దొరనే మనిషిని పశువు లెక్క చూస్తడు, అది నన్ను రెండు దినాలు పీడించింది. పాత్రలు మాట్లాడుతుంటె మా తాత మాట్లాడినట్టే ఉన్నది. కచేరీల వాడిన ఉర్దూ మాటలు కొన్ని నాకు సమజ్ కాలే, తాతనే అడిగిన. పట్నపు కతలు సదివెటోళ్లకు మొదలు జర మెల్లగ అనిపిస్తది.’ గంతే. కథ ఎట్ల ఒడుస్తదో చెప్పలే. చదివెటోనికి ఇది తనకు పనికొస్తదా లేదా తెలుస్తది. ‘మెల్లగ అనిపిస్తది’ అన్న ముక్క చూసి మా దోస్తొకడు ‘అయితే నాకొద్దు’ అన్నడు. వాడు అనొచ్చు. నేను చెప్పింది అబద్ధమైతె తప్పు గని, వాడు చదవకుంటె తప్పు కాదు.

నచ్చకపోతే నచ్చలే అని రాయాలె. గని రాసినోని జోలికి పోవొద్దు. మన దిక్కు ఇదొక రోగం: పుస్తకం చేతిలకు రాంగనే రాసినోని ఇంటి పేరు చూస్తరు, ఇంటి పేరు నుంచి కులం తీస్తరు, కులం నుంచి అభిప్రాయం తీస్తరు. పేజీ తిప్పే పనే లేదు. సీన్మ పాట అయితె హీరో ఎవరని చూస్తరు. నేను గూడ ఇంటర్ల ఉన్నప్పుడు అవతలి హీరో పాటలు ఇనకుండనే తిట్టిన. అండ్ల ఒక పాట నాలుగేండ్ల తరువాత బస్సుల ఇని, ఎవలదని పక్కోన్ని అడిగి, సిగ్గు పడ్డ.

చుక్కలిచ్చే కాడ ఈ రోగం లెక్కలల్ల గూడ కనబడుతది. ఒక పుస్తకం 20 మంది నిజంగ చదివి తలా 4 చుక్కలిచ్చిండ్రు అనుకో, సగటు 4. పగ మీద 10 మంది వచ్చి, చదవకుండనే తలా 1 ఇస్తరు. మొత్తం 90 చుక్కలు, 30 మంది, సగటు 3కు పడ్డది. సీన్మకు లక్షల మంది రేటింగులు ఇస్తరు, పది మంది దొంగ చుక్కలు ఆనయి. తెలుగు పుస్తకానికి చానాసార్లు పది మంది ఇచ్చుడే కష్టం. అక్కడ ఒక్కని పగ గూడ పుస్తకాన్ని ముంచుతది. దోస్తాన మీద ఇచ్చే 5 చుక్కలు గూడ గసొంటి దొంగ లెక్కనే, ఊకె తీపిగుంటది గంతే తేడా. మనోడు రాసిండంటె ‘మనోడే, అందుకే కొంచెం ఎక్కువ నచ్చిందేమో’ అని ఒక ముక్క ముందే చెప్పేస్తె ఎవలకూ బాధ లేదు.

పేర్ల కాడ మాత్రం నేను జర గట్టిగ మాట్లాడుత. పాట బాగుందని రాసేటప్పుడు రాసినోళ్ల పేరు, బాణీ కట్టినోళ్ల పేరు, పాడినోళ్ల పేరు చూసుకోని రాయాలె. 2023ల ‘బలగం’ సీన్మ ఆఖరుకు వచ్చే పాట విని ఊర్లకు ఊర్లు ఏడిసినయి. అది పాడింది మొగిలయ్య, కొమురమ్మ దంపతులు, వరంగల్ దిక్కు బుడగజంగాల కళాకారులు. నేను ఆ పాట మీద రాసుకుంట ‘పద్మశ్రీ మొగిలయ్య’ అని పెట్టిన. పద్మశ్రీ వచ్చింది కిన్నెర మొగులయ్యకు, 2022ల. నాగర్‌కర్నూల్ దిక్కాయన, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తడు, ‘భీమ్లా నాయక్’ పాట మొదలుల ఇనబడే గొంతు ఆయనది. ఇద్దరు వేరు, ఊర్లు వేరు, కళలు వేరు. ఒకరి చెమట ఇంకొకరి ఖాతల రాసిన నేను. ఎవరో చెప్పినంక దిద్దుకున్న గని, అప్పటికే నలుగురు దాన్ని ముందుకు పంపిండ్రు. బలగం మొగిలయ్య 2024 డిసెంబర్‌ల కాలం జేసిండు.

జానపదానికైతె ఈ చిక్కు ఇంకా ఎక్కువ. నాటు పాట, దంపుడు పాట ఎవలు కట్టిండ్రో చెప్పుడు కష్టం, నోటి నుంచి నోటికి వస్తది. ఒకామె ఒక చరణం కలుపుతది, ఇంకో ఊర్ల ఒక మాట మారుతది. అట్లని ఎవలదీ కాదనుడు తప్పు. 2021ల ‘సారంగ దరియా’ పాట సీన్మల రాంగనే, ఇది ఎవరి పాట, ఎవరు ముందుగల్ల వెలికి తీసిండ్రు అని లొల్లి ఎందుకైంది? తాటాకుల మీద రాసిలేదు, కాయితం మీద లేదు, పాడినోళ్ల యాదిల ఉన్నది. గసొంటి పాట మీద అభిప్రాయం రాసేటప్పుడు ‘ఈ పాట మా ఊర్ల గూడ పాడేటోళ్లు, ఫలానా మాట మా దగ్గర ఇట్లుండె’ అని ఒక్క ముక్క జోడిస్తె, అది పాటకు సాక్ష్యం అయితది. పట్నంల ఎంత పెద్ద సంగీతం తెలిసినోడైనా ఆ ముక్క రాయలేడు. దానికి ఊర్ల ఉండాలె, ముసలోళ్ల పక్కన కూసోవాలె.

తమ్ముని పాట సంగతి అట్లనే వదిలిపెట్టలే. ఫోన్ వచ్చిన తెల్లారి పొద్దుగాల, బాయి కాడికి పోయి, చెవులల్ల పెట్టుకొని మొత్తం విన్న. తరువాత పాత ముక్కను తీసేయలే, దాని కిందనే ఇట్ల రాసిన: ‘నిన్న సగమే విన్న, తప్పు మాటన్న. ఇది నాటు పాట, దీని నడక ఆ పని నడక. గొంతు బాగున్నది. గని తమ్మీ, ఎనుక పెట్టిన ప్యాడ్ల సప్పుడు ఈ పాటకు పడుత లేదు, ఆ జాగల ఇంకో ఇద్దరి గొంతులుంటె సాలు. అందుకునేటోళ్లు లేని నాటు పాట ఒంటరిగున్నది.’

వారం తరువాత మళ్ల పాడి పంపిండు. ప్యాడ్లు లేవు. వాళ్ల అమ్మ, చిన్నమ్మ అందుకున్నరు. ఒకకాడ చిన్నమ్మకు నవ్వొచ్చి ఆగింది, దాన్ని కోయలేదు. పాట పేరు కింద రాసినోళ్ల జాగల మొదటిసారి ఒక పేరున్నది, వాళ్ల అమ్మమ్మది.