రబ్బరు బ్యాండు విప్పితే వచ్చే తీసివేత

52లోంచి 18 తీసెయ్యమంటే, రెండో తరగతి పిల్లవాడు పలక మీద 46 అని రాస్తాడు. టీచరు ఇంటూ కొట్టి ముందుకు పోతే పాఠం అక్కడితో సరి. కానీ ఆ 46 ఊరికే రాలేదు. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీశాడు. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలన్న మాటను అంత గట్టిగా పట్టుకున్నాడు. వాడికి అర్థం కానిది తీసివేత కాదు, స్థాన విలువ.

దాన్ని మాటలతో చెప్పడం కష్టం. చీపురు పుల్లలతో తేలిక. పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేసి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి పద్దెనిమిది ఇమ్మనాలి. ముందు ఒక కట్ట ఇచ్చేస్తాడు. ఇంకా ఎనిమిది కావాలి, విడిగా ఉన్నవి రెండే. కాసేపు అటూ ఇటూ చూసి, ఇంకో కట్టకున్న బ్యాండు ఊడదీస్తాడు. చివరికి మిగిలేవి మూడు కట్టలు, నాలుగు పుల్లలు. 'పక్కింటి నుంచి అప్పు' అని అంతవరకూ బట్టీపట్టిన సూత్రం వాడి చేతుల్లోనే జరుగుతుంది.

ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అంకె. మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ ఆలోచనల ఆధారంగా సింగపూర్ బడులు 1980ల నుంచి ఈ వరసే పాటిస్తున్నాయి. మన దగ్గర తొందరంతా అంకె మీదే. పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే (2024) ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు సుమారు మూడోవంతే. కేంద్రం 2021లో నిపుణ్ భారత్, తెలంగాణ 2022లో తొలిమెట్టు కార్యక్రమాలు మొదలుపెట్టింది ఇలాంటి పునాది లోటు తీర్చడానికే.

అలాగని మన పిల్లలకు లెక్క రాదనుకుంటే పొరపాటు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల్ని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించింది. కిలో 20 రూపాయల బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లిపాయలు కిలో 400 గ్రాములు కొని రెండు వందల నోటిస్తే చిల్లరెంత? ఇలాంటివి నోటితోనే తేల్చేసే పిల్లలు, కాగితం మీది మామూలు భాగహారం దగ్గర తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు బజారు లెక్కల దగ్గర ఆగిపోయారు. ఈ రెండు లెక్కల్నీ కలిపే పని బడిది. ఎక్కాలు నేర్పాల్సిందే, కానీ ఏడెనిమిదులు మరిచిపోతే ఏడేళ్ల నలభై తొమ్మిదికి ఇంకో ఏడు కలుపుకోవచ్చని కూడా తెలియాలి.

తల్లిదండ్రులూ చేయగలిగింది ఉంది. కూరగాయలకు వెళ్లేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, చిల్లర వాళ్లనే లెక్కపెట్టనివ్వండి. ఇంటికొచ్చాక అదే లెక్క నోటుబుక్కులో రాయించండి. తప్పొస్తే దిద్దే ముందు, "ఎలా చేశావు నాన్నా?" అని అడగండి.