తోటి కార్యకర్తలు: మత్తు తెలిసినవారే ప్రాణం నిలిపేవారు

అమెరికా, కెనడాల్లో పిల్లల్ని చదివిస్తున్న మన సభ్యులు కొందరు అక్కడి కాలేజీ హాస్టళ్లలో, లైబ్రరీల్లో గోడకు ఒక చిన్న పెట్టె తగిలించి ఉండటం చూసే ఉంటారు. అందులో ఉండేది ముక్కులో కొట్టే మందు. పేరు నాలోక్సోన్. మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషిని వెనక్కి తెచ్చే మందు అది. 2023 మార్చిలో అమెరికాలో దాన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చింది. ఆ పెట్టె గోడ మీదకు రావడానికి చాలా ఏళ్ల ముందు నుంచే కొందరు మనుషులు ఆ మందును జేబుల్లో పెట్టుకుని వీధులు తిరిగారు. వాళ్లలో చాలామంది డాక్టర్లు కారు, నర్సులు కారు. ఒకప్పుడు మత్తుమందు వాడినవాళ్లు, కొందరు ఇంకా వాడుతున్నవాళ్లు. వాళ్లనే ఇంగ్లీషులో పీర్ వర్కర్లు అంటారు. మనం తోటి కార్యకర్తలు అనుకుందాం. గుడి పత్రికలో ఈ విషయం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. పిల్లలు దూరదేశంలో ఉన్న ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి, ఇంటికి వెళ్లి వచ్చేటప్పుడు సూట్‌కేసులో మందులు వేసుకురాని ఇల్లు మనలో దాదాపు లేదు. కాబట్టి ఇది మన విషయమే.

ముందు ఆ మందుల గురించి నాలుగు ముక్కలు. నల్లమందు, దాని నుంచి తీసే మార్ఫిన్, కోడీన్, వాటిని పోలి ఫ్యాక్టరీలో తయారయ్యే ట్రామడాల్, ఫెంటానిల్ అన్నీ ఒకే కుటుంబం. వీటిని ఓపియాయిడ్లు అంటారు. ఆపరేషన్ తరువాత, కాన్సర్ నొప్పిలో ఇవి నిజంగా వరప్రసాదాలే. అయితే ఇవి మెదడులో నొప్పిని అణిచినట్టే ఊపిరిని నడిపించే భాగాన్నీ అణిచేస్తాయి. మోతాదు మించితే మనిషి నిద్రలోకి జారినట్టు కనిపిస్తాడు. గురకలాంటి శబ్దం, నీలంగా మారే పెదవులు, చుక్కంత అయిపోయిన కనుపాపలు. తరువాత ఊపిరే ఉండదు. నాలోక్సోన్ మెదడులో ఆ మందు పట్టుకున్న చోటు నుంచి దాన్ని నెట్టేసి తాను కూర్చుంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి రావచ్చు. కానీ దాని ప్రభావం గంట, గంటన్నరకు మించి ఉండదు. లోపలి మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉంటే మనిషి మళ్లీ పడిపోతాడు. అందుకే మందు కొట్టి వెళ్లిపోతే సరిపోదు, పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. తోటి కార్యకర్త పనిలో ఎక్కువ భాగం ఈ కూర్చోవడమే.

ఈ ఆలోచన పుట్టింది నెదర్లాండ్స్‌లో. 1984లో ఆంస్టర్‌డామ్‌లో కామెర్ల జబ్బు సూదుల ద్వారా పాకుతుంటే, మత్తుమందు వాడేవాళ్ల సంఘమే కొత్త సూదులు పంచడం మొదలుపెట్టింది. మానేయమని చెప్పడం ఒక పని, మానేలోపు చచ్చిపోకుండా చూడటం ఇంకో పని అని వాళ్లు తేల్చుకున్నారు. ఈ రెండో పనికే హాని తగ్గింపు అని పేరు. నాలోక్సోన్‌ను ఆసుపత్రి బయట, వాడేవాళ్ల చేతికే ఇవ్వడం 1996లో షికాగోలో మొదలైంది. అదీ ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ చొరవే.

మన దేశంలో దీని అసలు చరిత్ర మణిపూర్‌ది. బర్మా సరిహద్దు దాటి వచ్చిన హెరాయిన్ అక్కడి కుర్రాళ్లను పట్టుకుంది. 1989లో సూదితో మత్తు తీసుకునేవారిలో హెచ్‌ఐవీ బయటపడింది, ఏడాది లోపే వాళ్లలో సగం మందికి పాకింది. సూదులు దొరక్క ఒకే సూదిని పదిమంది వాడటం దానికి కారణం. 1991లో ఇంఫాల్‌లో మత్తు నుంచి బయటపడిన కొందరు యువకులు సాసో అనే సంస్థ పెట్టుకున్నారు. కొత్త సూదులు ఇవ్వడం, వాడినవి ఏరి తేవడం, సూది గుచ్చిన చోట కుళ్లిన పుండ్లు కడిగి కట్టు కట్టడం, ఆసుపత్రి వాళ్లు ముట్టుకోకపోతే పక్కన నిలబడి మాట్లాడటం, ఇదీ వాళ్ల పని. సంచిలో సూదులు కనిపిస్తే పోలీసుల అనుమానం ఒకవైపు, మత్తుమందు వాడేవాళ్లను శిక్షించే సాయుధ ముఠాల భయం మరోవైపు. ఇంట్లో, వీధిలో చిన్నచూపు ఉండనే ఉంది. డాక్టరు చెబితే విననివాడు తన వీధివాడు చెబితే విన్నాడు. ఎందుకంటే చెప్పేవాడి చేతి మీద కూడా అవే మచ్చలు ఉన్నాయి.

మన తెలుగు జిల్లాల్లో ఈ తోటి కార్యకర్త వేరే రూపంలో కనిపించాడు, నిజానికి కనిపించింది అనాలి. 2003లో గేట్స్ ఫౌండేషన్ ఆవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాన్ని ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టింది. మణిపూర్, నాగాలాండ్‌లలో సూది మందు వాడేవారి మధ్య, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా మిగతా రాష్ట్రాల్లో ఎక్కువగా సెక్స్ వర్కర్ల మధ్య అది పనిచేసింది. రెండు చోట్లా సూత్రం ఒక్కటే: వాళ్లలో నుంచే ఒకరిని ఎంచుకుని శిక్షణ ఇవ్వడం. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లలో పెద్దవారికి పీర్ ఎడ్యుకేటర్ అనే మాట గుర్తుండవచ్చు. తరువాత జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఇదే పద్ధతిని దేశమంతటా కొనసాగించింది. సూది వదిలేలా నాలుక కింద పెట్టే బ్యూప్రెనార్ఫిన్ మాత్రను కేంద్రంలో రోజూ కళ్లముందే ఇచ్చే ఏర్పాటు కూడా చేసింది. రోజూ కేంద్రానికి రావాలంటే కొత్తలో ఎవరికైనా కష్టమే. నాలుగు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి వెతికేది ఈ తోటి కార్యకర్తే.

ఇదంతా ఎక్కడో ఈశాన్యం సమస్య అనుకోవడానికి లేదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ ద్వారా చేయించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారు. వీటి వల్ల సాయం అవసరమైనవారిలో సగానికి పైగా కొద్ది రాష్ట్రాల్లోనే ఉన్నారని ఆ నివేదిక చెప్పింది. ఆ జాబితాలో పంజాబ్, ఉత్తరప్రదేశ్‌ల పక్కన ఆంధ్రప్రదేశ్ పేరు ఉంది.

ఇక కెనడా సంగతి. బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న మత్తు మరణాలను ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. వీధిలో అమ్మే హెరాయిన్‌లో ఫెంటానిల్ కలవడమే కారణం. అది హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు బలమైనది, కలిపేవాడి చేయి కాస్త అటూఇటూ అయితే చాలు. 2023 ఒక్క ఏడాదిలోనే ఆ రాష్ట్రంలో 2,500కు పైగా మంది చనిపోయారు. రాష్ట్ర జనాభా హైదరాబాద్ నగర జనాభా కంటే తక్కువ అని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది.

వాంకూవర్‌లో డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ అనే పేటలో 2016 సెప్టెంబర్‌లో కొందరు స్థానికులు ఎవరి అనుమతీ అడగకుండా ఒక సందులో గుడారం వేశారు. లోపల బల్లలు, కుర్చీలు, నాలోక్సోన్. ఎవరైనా వచ్చి తమ మందు అక్కడే తీసుకోవచ్చు, పడిపోతే లేపడానికి మనుషులు ఉంటారు. డిసెంబర్ నాటికి ప్రభుత్వమే అలాంటి కేంద్రాలు పెట్టమని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. చట్టం తరువాత వచ్చింది, గుడారం ముందు వచ్చింది. ఆ కేంద్రాలను నడిపింది ఎక్కువగా తోటి కార్యకర్తలే.

ఆ పని వాళ్లను ఏం చేసిందో అక్కడి ప్రజారోగ్య సంస్థలు, విశ్వవిద్యాలయాలు తరువాత వాళ్లనే కూర్చోబెట్టి అడిగాయి. వచ్చిన జవాబులు ఓపికగా వినదగ్గవి. అంబులెన్సులో పనిచేసేవాడికి పడిపోయినవాడు కొత్త మనిషి, ఇంటికి వెళ్లాక ఆ ముఖం మరిచిపోయే వీలుంది. తోటి కార్యకర్తకు పడిపోయినవాడు నిన్న కలిసి టీ తాగిన స్నేహితుడు. డ్యూటీ అయ్యాక కూడా పక్క గదివాళ్లు తలుపు కొడతారు, ఎందుకంటే అతని దగ్గర మందు ఉందని అందరికీ తెలుసు. ఒక వారంలో ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లు పోయిన వారాలు ఉన్నాయి. ఏడవడానికి సెలవు లేదు. చాలాచోట్ల ఇచ్చేది జీతం కాదు, గంటకో పూటకో చేతిలో పెట్టే కొద్ది డబ్బు. అదే గదిలో అదే పని చేసే ఉద్యోగికి బీమా ఉంటుంది, వీళ్లకు ఉండదు. కొందరికి ఉండటానికి ఇల్లు కూడా సరిగా లేదు. అన్నిటికంటే చిత్రమైనది ఇంకొకటి: ప్రాణం నిలిపినవాడే ఆసుపత్రికి వెళితే అక్కడి సిబ్బంది అతన్ని మత్తుమందువాడిగానే చూస్తారు.

అయినా ఎందుకు చేస్తున్నారని అడిగితే, తమ జీవితం ఒకరికి పనికొచ్చిందని మొదటిసారి అనిపించిందని చాలామంది చెప్పారు. ఈ పనివల్లే తమ వాడకం తగ్గిందన్నవారు ఉన్నారు. రోజూ మందు కళ్లముందు ఉండటంతో మళ్లీ జారిపోయినవారూ ఉన్నారు. వాళ్లు కోరినవి పెద్ద కోరికలేమీ కావు: చేసిన పనికి ఉద్యోగమనే గుర్తింపు, న్యాయమైన జీతం, శిక్షణ, ఒక మరణం తరువాత మాట్లాడుకోవడానికి ఒక మనిషి.

కోవిడ్ వచ్చాక పరిస్థితి ఇంకా దిగజారింది. వీధిమందులో నిద్రమాత్రల జాతి మందులు కూడా కలపడం పెరిగింది. వాటి మీద నాలోక్సోన్ పనిచేయదు. ఊపిరి వస్తుంది కానీ మనిషి లేవడు. గంటల తరబడి పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టాల్సి వచ్చేది.

నిద్రమాత్రల మాట వచ్చింది కాబట్టి మన ఊళ్ల సంగతి ఒకటి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి గల్ఫ్‌కు వచ్చినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసింది. మంచి పనే. కానీ ఆ కల్లులో కలిపేది అల్ప్రాజోలం లాంటి మందులు, తాగేవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఒక్కసారిగా ఆగిపోయేసరికి వందల మంది వణుకుతో, ఫిట్స్‌తో, మతి చెదిరి ఆసుపత్రుల పాలయ్యారు. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి నిండిపోయింది. కల్తీ కల్లు ఓపియాయిడ్ కాదు, అయినా తెలిసేది ఒకటే: సరుకు ఆపినంత మాత్రాన శరీరంలోని అలవాటు ఆగదు. కొత్త సూదులివ్వడం, పక్కన కూర్చోవడం మత్తును ప్రోత్సహించినట్టే కదా అని పెద్దలు అడిగే ప్రశ్న న్యాయమైనదే. నా అభిప్రాయంలో, పోయిన మనిషికి చికిత్స లేదు కాబట్టి ముందు మనిషి ఉండాలి. ఆ సమాజాల్లో చికిత్సకు వచ్చినవారిలో చాలామందిని తలుపుదాకా తీసుకొచ్చింది ఈ తోటి కార్యకర్తలే.

మనం ఉంటున్న దేశం దారి వేరు, దాన్ని స్పష్టంగా తెలుసుకోవాలి. యూఏఈలో మత్తుమందు వాడటం నేరం. 2021 నాటి ఫెడరల్ చట్టం 30 ప్రకారం మొదటిసారి పట్టుబడినా కనీసం మూడు నెలల జైలు, లేదా 20,000 నుంచి 1,00,000 దిర్హాముల జరిమానా ఉండవచ్చు. అదే చట్టంలో మనవాళ్లకు తెలియని ఒక తలుపు కూడా ఉంది. పట్టుబడక ముందే ఆ వ్యక్తి తనంతట తాను గానీ, అతని భార్య లేదా భర్త, దగ్గరి రక్తసంబంధీకులు గానీ చికిత్స కోరుతూ ముందుకొస్తే, తన దగ్గరున్నది అప్పగిస్తే, క్రిమినల్ కేసు పెట్టరు. అబూదాబీలో 2002లో ఏర్పడిన జాతీయ పునరావాస కేంద్రం, దుబాయ్‌లోని ఇరాదా కేంద్రం ఇలాంటి చికిత్స కోసమే ఉన్నాయి. ఉమ్ అల్ క్వైన్ నుంచి దుబాయ్ గంట ప్రయాణం. కేసు వివరాలు మాత్రం లాయరును అడిగే ముందడుగు వేయాలి. పరువు పోతుందని దాచిపెట్టి, టికెట్టు కొని ఇండియాకు పంపేస్తే సమస్య తీరుతుందనుకోవడం మన ఇళ్లలో మామూలు. అలా పంపినప్పుడు అక్కడి ఇంటివాళ్లకు నిజం చెప్పాలి. ఇండియాలో 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి దగ్గరి కేంద్రం ఎక్కడో కనుక్కోవచ్చు.

సూట్‌కేసు సంగతి మరవద్దు. నడుం నొప్పికి వాడే ట్రామడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్, నిద్రకు వాడే అల్ప్రాజోలం ఇక్కడ నియంత్రణలో ఉన్న మందులు. మన డాక్టరు రాసిచ్చిన చీటీ ఒక్కటే చాలదు, ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పక్కింటివాళ్లు మా నాన్నగారికి ఇవ్వండి అంటూ ఇచ్చిన పొట్లం అసలే వద్దు.

ఎవరైనా లేపినా లేవకుండా, పెదవులు నీలంగా మారి కనిపిస్తే ఇక్కడ అంబులెన్సు నంబరు 998. అది వచ్చేలోపు తల వెనక్కి వంచి ఊపిరి ఆడుతుందో లేదో చూడండి. ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఆడకపోతే నోటితో ఊపిరి అందించండి. ఏం తీసుకున్నాడో తెలిస్తే వచ్చినవాళ్లకు దాచకుండా చెప్పండి. కెనడాలో ఉన్న పిల్లలకు ఇంకొక మాట చెప్పాలి. స్నేహితుడు పడిపోతే 911కు ఫోన్ చేసినవారి మీద, అక్కడ ఉన్నవారి మీద సొంతానికి మందు దగ్గర పెట్టుకున్నారన్న కేసు పెట్టకుండా 2017 నుంచి అక్కడ చట్టం ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. స్నేహితులిచ్చే మాత్ర, అది చదువుకోసమన్నా నిద్రకోసమన్నా, మందుల షాపు డబ్బాలోది కాకపోతే అందులో ఫెంటానిల్ ఉండొచ్చని చెప్పండి. గోడకున్న ఆ పెట్టె వాళ్ల హాస్టల్‌లో ఏ అంతస్తులో ఉందో ఈ ఆదివారం ఫోన్‌లో అడగండి.