పన్ను సంపాదనపైనా, సరుకుపైనా?

"ఆదాయపు పన్ను పూర్తిగా తీసేసి, కొనే వస్తువులపైనే పన్ను వేస్తే సరిపోతుంది కదా! లెక్కలు చూపే పని ఉండదు, ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఉండదు." వ్యాపారం చేసుకునే మన సోదరుల నోట ఈ మాట తరచు వింటుంటాం. వినడానికి న్యాయంగానే తోస్తుంది. ఎక్కువ కొన్నవాడు ఎక్కువ కడతాడు, తక్కువ కొన్నవాడు తక్కువ కడతాడు. ఇందులో అన్యాయమేముంది? ఈ ప్రశ్నను కాస్త నిదానంగా పరిశీలిద్దాం. ఇది ప్రభుత్వ ఖజానాకు సంబంధించిన విషయమే కాదు, పేదవాని కంచానికి సంబంధించిన విషయం కూడా.

అమెరికా ప్రతిపాదన

ఈ ఆలోచనకు అమెరికాలో ఒక పూర్తి రూపం వచ్చింది. 1999లో జార్జియా రాష్ట్రానికి చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ లిండర్ 'ఫెయిర్ టాక్స్' పేరుతో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. ఆదాయపు పన్ను, జీతాల నుంచి కోసుకునే పన్ను, వారసత్వపు ఆస్తిపై పన్ను అన్నీ రద్దు చేసి, దేశమంతటికీ ఒకే అమ్మకపు పన్ను పెట్టాలన్నది దాని సారాంశం. కొనుగోలుదారు చెల్లించే ప్రతి 100 డాలర్లలో 23 డాలర్లు పన్ను. అంటే 77 డాలర్ల సరుకు మీద 23 డాలర్లు. సరుకు ధరతో పోలిస్తే దాదాపు 30 శాతం. కనీసావసరాలపై పడే పన్నును మాత్రం ప్రతి కుటుంబానికీ నెలనెలా ముందుగానే వాపసు ఇస్తారు.

ఈ ప్రతిపాదనలో మంచి లేదని అనలేం. ఆదాయం దాచినవాడు కూడా సరుకు కొన్నప్పుడు పన్ను కట్టక తప్పదు. పొదుపు చేసేవారికి ప్రోత్సాహం ఉంటుంది. లెక్కలు సులువవుతాయి. అయినా ఆ బిల్లు ఎన్నిసార్లు సభ ముందుకు వచ్చినా చట్టం కాలేదు. 2005లో అధ్యక్షుడు బుష్ నియమించిన పన్ను సంస్కరణల సలహా సంఘం ఇలాంటి అమ్మకపు పన్నును పరిశీలించి కూడా సిఫార్సు చేయలేదు. వాపసు ఇచ్చినా భారం మధ్యతరగతిపై పెరుగుతుందన్నది ఆ సంఘం చెప్పిన కారణాల్లో ఒకటి.

మూడు ఇళ్ల లెక్క

అదెలాగో తెలియడానికి మూడు ఇళ్లను ఊహించుకుందాం. మొదటి ఇంటి నెల ఆదాయం 20,000 రూపాయలు. మొత్తం ఖర్చయిపోతుంది. రెండవ ఇంటికి 80,000 వస్తే 70,000 ఖర్చవుతుంది. మూడవ ఇంటికి 5 లక్షలు వస్తాయి. లక్ష ఖర్చు పెట్టి, మిగిలిన 4 లక్షలు దాచుకుంటారు. ఖర్చు పెట్టిన ప్రతి 100 రూపాయలలో 23 పన్ను అనుకుంటే, మొదటి ఇల్లు 4,600, రెండవ ఇల్లు 16,100, మూడవ ఇల్లు 23,000 కడతాయి. ప్రతి ఇంటికీ 4,600 వాపసు ఇచ్చారనుకుందాం. అప్పుడు పేద ఇంటిపై భారం ఉండదు, నిజమే. కాని రెండవ ఇల్లు తన ఆదాయంలో నూటికి 14 రూపాయలకు పైగా కడుతుంది. మూడవ ఇల్లు కట్టేది నూటికి 4 రూపాయలకన్న తక్కువ! ఇక ఆ వాపసు కూడా లేకపోతే పేద ఇల్లు నూటికి 23 కట్టుకోవాలి. దాచిన డబ్బు ఎప్పటికైనా ఖర్చు కాక తప్పదు కదా అని కొందరంటారు. తరతరాలుగా కదలకుండా పేరుకునే సంపద ఉన్నదని మరచిపోకూడదు.

జీతంపై పన్ను లేని చోట

ఇది ఊహ మాత్రమే కాదు. హైదరాబాద్, కడప, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి ఎందరో పొట్టచేత పట్టుకుని వెళ్లిన సౌదీ అరేబియాలో వ్యక్తుల జీతంపై ఆదాయపు పన్ను లేదు. కాని 2018 జనవరి 1 నుంచి అక్కడ సరుకులపై 5 శాతం పన్ను మొదలైంది. చమురు ధరలు పడిపోయి, కరోనా విరుచుకుపడిన 2020లో, జూలై 1 నుంచి దాన్ని 15 శాతానికి పెంచారు. 1,500 రియాళ్ల జీతగాడు పన్ను పడే సరుకులకు నెలకు 575 రియాళ్లు ఖర్చు పెడితే అందులో 75 రియాళ్లు పన్నే. అంటే జీతంలో 5 శాతం. 50,000 రియాళ్ల జీతగాడు అలాంటి సరుకులకు 11,500 ఖర్చు పెట్టినా పన్ను 1,500; అతని జీతంలో 3 శాతమే. జీతంపై పన్ను లేకపోవడం నిజమే గాని, పేదవానికి పన్ను లేదనుకోవడం పొరపాటు.

జకాత్ చూపే కొలబద్ద

ఇక్కడ మనకు జకాత్ గుర్తుకు రావాలి. జకాత్ ఒక ఆరాధన. ప్రభుత్వ పన్నుతో అది సమానం కాదు, ఒకటి చెల్లిస్తే రెండవది తీరిపోదు. అయినా ఎవరి నుంచి తీసుకోవాలి, ఎవరికి ఇవ్వాలి అన్న విషయంలో అది చూపే కొలబద్ద ఎంతో విలువైనది. ఏడున్నర తులాల బంగారం లేక యాభై రెండున్నర తులాల వెండి విలువకు చేరని సంపదపై జకాత్ లేదు. ఉండే ఇల్లు, కట్టే బట్టలు, పనిముట్లు లెక్కలోకి రావు. అవసరాలు తీరి, ఏడాది పాటు మిగిలి ఉన్న సొమ్ములో నలభయ్యవ వంతు తీయాలి. తీసిన దాన్ని ఎవరెవరికి ఇవ్వాలో దివ్యఖుర్‌ఆన్ తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. ఆ జాబితా మొదలయ్యేది నిరుపేదలతోనే.

తేడా గమనించండి. అమ్మకపు పన్ను ఆకలిగొన్నవాడు రొట్టె కొన్నప్పుడు అతని చేయి పట్టుకుంటుంది. పెట్టెలో పడి ఉన్న సొమ్మును తాకదు. జకాత్ రొట్టె కొనేవాణ్ణి వదిలి, పెట్టెలోని సొమ్మును అడుగుతుంది. సంపద ధనికుల మధ్యనే తిరుగుతూ ఉండకూడదన్న హష్ర్ సూరా బోధకు ఏది దగ్గరో వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో

అమ్మకపు పన్ను మనకూ కొత్త కాదు. మద్యనిషేధం వల్ల తగ్గిన రాబడిని పూడ్చుకోవడానికి రాజాజీ ప్రభుత్వం 1939లో మద్రాసు రాష్ట్రంలో దాన్ని ప్రవేశపెట్టింది. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ రాష్ట్రంలోనివే. 2017 జూలై 1 నుంచి దేశమంతటా జీఎస్టీ వచ్చింది. ఆదాయపు పన్నుకు ఒక పరిమితి ఉంది. 2025 బడ్జెట్ కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల వరకు జీతం వంటి ఆదాయంపై పన్ను లేకుండా చేసింది. సబ్బు కొనే ఇంటికి అలాంటి పరిమితి ఏదీ లేదు. సబ్బు, తలనూనె వంటి నిత్యావసరాలపై 18 శాతంగా ఉన్న పన్నును 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గించారంటే, ఆ భారం ఎవరి మీద పడుతున్నదో ప్రభుత్వమూ గుర్తించిందన్నమాటే.

అందుచేత మా అభిప్రాయం ఇది. అమ్మకపు పన్ను ఉండవచ్చు. అన్నం, మందు, చదువు వంటి వాటిని వదిలి విలాసాలపై ఎక్కువగా ఉండవచ్చు. కాని ఆదాయపు పన్నును తొలగించి ఆ స్థానంలో దాన్ని కూర్చోబెట్టడం న్యాయం కాదు. మిగిలినవాని నుంచి తీసుకోవడం న్యాయం. తినేవాని నుంచి లాక్కోవడం న్యాయం కాదు.

చివరగా వ్యాపార సోదరులకు ఒక మాట. కొనుగోలుదారు నుంచి పన్ను పేరిట వసూలు చేసిన ప్రతి పైసా మన సొమ్ము కాదు, అది అమానత్. దాన్ని జేబులో వేసుకుని, రమజాన్‌లో జకాత్ లెక్క వేసుకుంటే లెక్క సరిపోతుందా? న్యాయమైన పన్ను కావాలని అడిగే హక్కు మనకుంది. ముందు మన గల్లాపెట్టె లెక్క సరిచూసుకుని, ఆ తర్వాత అడుగుదాం.