ఆప్షన్ల అమ్మకం: ప్రీమియం ఆదాయానికి బీమా అవసరం

ఆప్షన్లు అమ్మి నెలనెలా ప్రీమియం రాబట్టుకొనే వ్యాపారం నిలకడ మార్కెట్‌లో వడ్డీ వ్యాపారంలా సాఫీగా సాగిపోతుంది. అయితే నెలల తరబడి కూడబెట్టిన ప్రీమియం ఒక్క రోజు కుదుపులో హరించుకుపోవచ్చు. దీనికి ధర అంచనా తప్పడమే కారణం కానక్కరలేదు. అంచనా నిజమయ్యే దాకా మార్జిన్ కట్టగల శక్తి లేకపోయినా ఫలితం అదే. అమెరికా సహజవాయువు మార్కెట్‌లో 2018 నవంబర్‌లో జరిగింది ఇదే.

పాత తేజీ-మందీ వ్యాపారం

ఆప్షన్ల వ్యాపారం మన దేశానికి కొత్త కాదు. కాల్ ఆప్షన్‌ను తేజీ అని, పుట్ ఆప్షన్‌ను మందీ అని, ప్రీమియంను నజరానా అని పాత బజార్లలో వ్యవహరించేవారు. 1952 నాటి ఫార్వర్డ్ కాంట్రాక్టుల చట్టం సరుకుల ఆప్షన్లను నిషేధించింది. 2017 అక్టోబర్‌లో ఎం.సి.ఎక్స్.లో బంగారం ఆప్షన్లతో ఇవి తిరిగి చట్టబద్ధంగా మొదలయ్యాయి. ముడిచమురు, సహజవాయువు ఆప్షన్లు ఆ తరువాత వచ్చాయి.

పేర్లు మారినా లెక్క మారలేదు. కొన్నవారి నష్టం ప్రీమియంతో సరి. అమ్మినవారి లాభం ప్రీమియంతో సరి. నష్టానికి మాత్రం ముందే గీసిన గీత ఉండదు.

ఒక్క రోజులో 18 శాతం

2018 శీతాకాలానికి ముందు అమెరికాలో గ్యాస్ నిల్వలు అనేక సంవత్సరాల కనిష్ఠ స్థాయిలో ఉన్నాయి. చలి ముందుగా వచ్చింది. నవంబర్ ఆరంభంలో పది లక్షల బి.టి.యు.కు 3 డాలర్ల 30 సెంట్ల దరిదాపుల్లో ఉన్న ఫ్యూచర్స్ ధర 13వ తేదీకి 4 డాలర్ల 10 సెంట్లకు చేరింది. మరునాడు ఒక్కరోజే సుమారు 18 శాతం ఎగసి 4 డాలర్ల 84 సెంట్ల వద్ద ముగిసింది.

ఫ్లోరిడాలోని టాంపా నగరానికి చెందిన ఒక సంస్థ, ఖాతాదారుల తరఫున ఎటువంటి రక్షణ లేకుండా గ్యాస్ కాల్ ఆప్షన్లు అమ్మి ఉంది. దాదాపు 300 మంది ఖాతాదారుల సొమ్ము తుడిచిపెట్టుకుపోయింది. కొందరు పెట్టుబడి పోగా బ్రోకరుకు ఎదురు బాకీ పడ్డారు.

15వ తేదీన గ్యాస్ ధర 4 డాలర్ల 4 సెంట్లకు పడిపోయింది. 2019 జనవరి ఆరంభానికి 3 డాలర్ల దరిదాపులకు వచ్చింది. ధర ఎక్కువ కాలం నిలవదనుకున్నవారి అంచనా చివరకు నిజమే అయింది. కాని మార్జిన్ కట్టలేనివారి పొజిషన్లు అప్పటికే మూసివేయబడ్డాయి.

రెండు వైపుల దెబ్బ

ఇటువంటి రోజున అమ్మకందారుకు రెండు దెబ్బలు తగులుతాయి. మొదటిది ధర ఎదురు తిరగడం. రెండవది ఒడిదుడుకుల భయంతో ఆప్షన్ ప్రీమియంలే పెరిగిపోవడం. ధర స్ట్రైక్‌ను తాకకముందే, 60 రూపాయలకు అమ్మిన ఆప్షన్‌ను తిరిగి కొనాలంటే 200 రూపాయలు పెట్టవలసి రావచ్చు. అదే సమయంలో ఎక్స్ఛేంజి మార్జిన్ కూడా పెంచుతుంది. ధర ఒక్కసారిగా ఎగిరి తెరుచుకుంటే స్టాప్‌లాస్ ఆర్డరు అనుకున్న ధరకు అమలు కాదు.

రక్షణకు ఎంత ఖర్చు?

ఉదాహరణకు 100 బ్యారెళ్ళ ముడిచమురు లాటు తీసుకుందాం. ధర బ్యారెల్‌కు 6,000 రూపాయలు. ఒక వర్తకుడు 6,500 కాల్‌ను, 5,500 పుట్‌ను చెరి 60 రూపాయలకు అమ్మితే వచ్చే ప్రీమియం 12,000 రూపాయలు. అంతటితో ఆగితే, గడువు నాటికి ధర 7,500కు గాని 4,500కు గాని చేరినప్పుడు ప్రీమియం పోను నష్టం 88,000 రూపాయలు. ధర ఇంకా కదిలితే నష్టమూ పెరుగుతుంది.

అదే వర్తకుడు 7,000 కాల్‌ను, 5,000 పుట్‌ను చెరి 15 రూపాయలకు కొన్నాడనుకుందాం. ఖర్చు 3,000 రూపాయలు. నికర ఆదాయం 9,000కు తగ్గుతుంది. కాని ధర ఎంత దూరం పోయినా గడువు నాటి నష్టం 41,000 రూపాయలు మించదు. ఆదాయంలో నాలుగో వంతు ఇచ్చి నష్టానికి హద్దు కొనుక్కున్నట్లయింది. రక్షణ ఉన్న పొజిషన్‌కు మార్జిన్ కూడా సాధారణంగా తక్కువే.

వర్తకులు గమనించవలసినవి

అమ్మినన్ని లాట్లకూ రక్షణ ఉండాలి. సగానికి రక్షణ కొంటే మిగతా సగం ఆరుబయటే ఉన్నట్లు. రక్షణ ఆప్షన్ గడువు అమ్మిన ఆప్షన్ గడువుకంటే ముందు ముగియకూడదు. లాభంలో ఉన్న సరుకుల ఆప్షన్ గడువు నాడు ఫ్యూచర్స్ పొజిషన్‌గా మారుతుంది కనుక అందుకు కావలసిన మార్జిన్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఖాతాలోని సొమ్మంతా మార్జిన్‌కే కట్టివేయడం ప్రమాదకరం.

పుట్ అమ్మకందారులు సున్నాను అడుగుమట్టంగా లెక్కించడం కూడా పొరపాటేనని 2020 ఏప్రిల్ 20 రుజువు చేసింది. ఆనాడు న్యూయార్క్‌లో మే నెల ముడిచమురు ఫ్యూచర్స్ సున్నాకు దిగువన 37 డాలర్ల 63 సెంట్ల వద్ద ముగిసింది.

అన్నిటికంటే ముఖ్యం రక్షణ కొనే సమయం. మార్కెట్ నిలకడగా ఉన్నప్పుడు దూరపు ఆప్షన్ చవకగా దొరుకుతుంది. అప్పుడు అది దండుగ ఖర్చులా కనిపిస్తుంది. కుదుపు వచ్చిన రోజున అదే ఆప్షన్‌కు అనేక రెట్లు చెల్లించాలి; ఒక్కొక్కప్పుడు అమ్మేవారే ఉండరు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్విన చందంగా కాకుండా, ప్రీమియం చేతికందిన రోజునే అందులో కొంత రక్షణకు వెచ్చించడం క్షేమం.