ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమాన మార్గం

ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమాన మార్గం భారతదేశంలోని ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని, అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని శాన్ ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ విమానాశ్రయాన్ని కలిపే వాయుమార్గం. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ మార్గంలో మధ్యలో ఎక్కడా ఆగని సర్వీసును ప్రారంభించినది. శాన్ ఫ్రాన్సిస్కో సిలికాన్ వ్యాలీకి సమీపంలో ఉన్నందున, అచ్చట నివసించు తెలుగువారికి కూడా ఇది పరిచయమైన మార్గమే. దూరం తక్కువైనంత మాత్రాన ప్రయాణ కాలం తగ్గదనుటకు ఈ మార్గం మంచి ఉదాహరణ.

దూరం

భూమి గోళాకారంలో ఉన్నందున రెండు ప్రదేశాల మధ్య అతి తక్కువ దూరం పటంపై గీచిన సరళరేఖ కాదు. గోళంపై ఆ రెండు ప్రదేశాలను కలుపు మహావృత్తపు చాపమే అతి దగ్గరి దారి. గ్లోబుపై ఈ రెండు నగరాల మధ్య దారాన్ని బిగించి పట్టినచో, అది హిమాలయాలు, చైనా, సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ మహాసముద్రపు అంచుకు చేరి, అలాస్కా వైపు దిగుతుంది. ఈ దూరం సుమారు 12,400 కి.మీ.

అయితే ఈ దారి వెంట నేరుగా ప్రయాణించుట కష్టం. విమానంలో గాలి పీడనం పడిపోయినచో వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగవలసి ఉంటుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే సుమారు 4,500 మీటర్లు.

ప్రయాణ కాలం

మొదట ఈ సర్వీసు ఐరోపా, అట్లాంటిక్ మహాసముద్రాల మీదుగా నడిచినది. 2016 అక్టోబరులో ఢిల్లీ నుండి వెళ్ళు విమానాన్ని పసిఫిక్ మహాసముద్రం మీదుగా మళ్ళించారు.

* అట్లాంటిక్ మార్గం: సుమారు 13,900 కి.మీ., 16.5 గంటలు, సగటు వేగం గంటకు 842 కి.మీ.
* పసిఫిక్ మార్గం: సుమారు 15,300 కి.మీ., 14.5 గంటలు, సగటు వేగం గంటకు 1,055 కి.మీ.

దూరం 1,400 కి.మీ. పెరిగినను కాలం రెండు గంటలు తగ్గినది. దీనికి కారణం పడమర నుండి తూర్పునకు వీచు జెట్ ప్రవాహం. బోయింగ్ 777 విమానం గాలిలో గంటకు సుమారు 890 కి.మీ. వేగంతో పోతుంది. వెనుక నుండి వీచు గాలి వేగం దీనికి కలుస్తుంది, ఎదురుగాలి వేగం తగ్గుతుంది. ఈ గాలులు శీతాకాలంలో బలంగా, వేసవిలో మందంగా ఉంటాయి.

భూభ్రమణం వలన కాలం కలిసివస్తుందని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. వాతావరణం కూడా భూమితో పాటే తిరుగుతుంది.

గడియారపు తేడా

శాన్ ఫ్రాన్సిస్కో కాలం భారత కాలం కంటే శీతాకాలంలో 13.5 గంటలు, వేసవిలో 12.5 గంటలు వెనుక ఉంటుంది. శీతాకాలంలో ఢిల్లీలో ఉదయం 4 గంటలకు బయలుదేరి 14.5 గంటలు ప్రయాణించిన విమానం, అక్కడి కాలం ప్రకారం అదే రోజు ఉదయం 5 గంటలకు చేరుతుంది. కావున టికెట్టుపై గల రెండు సమయాల తేడా ప్రయాణ కాలం కాదు.

భద్రత

ఇటువంటి మార్గాలలో అత్యవసరంగా దిగుటకు వీలైన విమానాశ్రయాలను ముందుగానే నిర్ణయిస్తారు. 2023 జూన్ 6న ఈ మార్గంలోని ఎయిర్ ఇండియా విమానం ఇంజనులో లోపం వలన రష్యాలోని మగదాన్‌లో సురక్షితంగా దిగినది. అందులోని 216 మంది ప్రయాణికులు మరొక విమానంలో జూన్ 8న శాన్ ఫ్రాన్సిస్కో చేరారు.

ఇవి కూడా చూడండి

* జెట్ ప్రవాహం
* అంతర్జాతీయ దినరేఖ
* మహావృత్తం