గ్వాంగ్‌జౌలో తమ్ముడి ఇల్లు

తమ్ముణ్ణి చూడటానికి వెళ్ళాలంటే అతడు మా తమ్ముడేనని ముందుగా నిరూపించవలసి వచ్చింది. చైనాలో పని చేసుకుంటూ నివసించే విదేశీయుల బంధువులకు ఆ దేశం ఎస్2 అనే వీసా ఇస్తుంది. దానికి ఆహ్వాన లేఖ, ఆహ్వానించే వ్యక్తి పాస్‌పోర్టు, నివాస అనుమతి పత్రాల నకళ్ళు, వాటితోపాటు బంధుత్వాన్ని తెలిపే పత్రమూ జతపరచాలి. మా పాస్‌పోర్టులో నాన్నగారి పేరుకు ముందు షేక్ ఉన్నది. తమ్ముడి పాస్‌పోర్టులో అదే షేక్ పేరు చివరికి చేరింది. ఒకే తండ్రి కాగితాల మీద ఇద్దరైపోయారు! అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి, ఆ ఇద్దరినీ మళ్ళీ ఒకరుగా చేయడానికి రెండు నెలలు పట్టింది. మన జిల్లాలలో షేక్, సయ్యద్, పఠాన్ వంటి ఇంటిపేర్లు ముందుకూ వెనక్కూ జరగడం మామూలే. పిల్లలకు పాస్‌పోర్టు తీయించే తల్లిదండ్రులు ఆనాడే కాగితాలన్నీ సరిచూసుకోవడం మేలు.

తమ్ముడు 16 ఏళ్ళుగా గ్వాంగ్‌జౌ నగరంలో ఉంటున్నాడు. హైదరాబాదు, దుబాయి వర్తకుల తరఫున బట్టలు, సంచులు కొని, నాణ్యత పరీక్షించి, కంటెయినర్లకు ఎక్కించడం అతని పని. కరోనాకు పూర్వం ఏటా రమజానుకు కర్నూలు వచ్చేవాడు. 2020 మార్చి చివర చైనా విదేశీయులకు తలుపులు మూసింది. బయటికి వెళ్ళవచ్చు గాని, తిరిగి రావడానికి దారి లేదు. మరుసటి ఏడాది రమజాను మాసంలో, ఆ రెండవ ఉప్పెన రోజులలో, నాన్నగారు అల్లాహ్ సన్నిధికి చేరారు. వాట్సాప్‌ను చైనా 2017లోనే అడ్డుకున్నది. అక్కడివారు వాడే వీచాట్‌ను 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించింది. కనుక తమ్ముడు తండ్రి జనాజా నమాజును మామూలు ఫోను కాల్‌లో విన్నాడు. నాలుగు తక్బీర్లు విన్నాడు. అంతే.

2023 జనవరిలో చైనా ఆంక్షలు తొలగినా అతడు రాలేదు. ఎప్పుడడిగినా "ఇన్షా అల్లాహ్ వస్తాను, భాయీజాన్" అనేవాడు. 80 దాటిన అమ్మీకి ఆ సమాధానం చాలలేదు. "నువ్వే వెళ్ళు బేటా. వాడెప్పుడొస్తాడో వాడి నోటితో విని రా" అన్నది. బంధుత్వాన్ని కలుపుకోవడం గురించి మదరసాలో ఏటా పాఠం చెప్పే మాకు ఆ మాట కాదనడానికి నోరు రాలేదు. 2024 నవంబరులో మేమూ, మా శ్రీమతీ కౌలాలంపూర్ మీదుగా బయలుదేరాము. నేరు విమానాలు అప్పటికి లేవు.

చైనాలో ఎవరింట్లోనైనా దిగిన విదేశీయుడు 24 గంటలలోపు స్థానిక పోలీసు స్టేషనులో పేరు నమోదు చేయించుకోవాలి. హోటలులో దిగితే ఆ పని హోటలువారే చూసుకుంటారు. మరునాడు ఉదయమే వెళ్ళి, తమ్ముడి పదకొండేళ్ళ కూతురు దుబాసీగా ఆ పని ముగించుకున్నాము. పిల్ల మమ్మల్ని "బడే అబ్బా" అంటూనే, పోలీసులకు చెప్పేటప్పుడు "బోబో" అన్నది. చైనా భాషలో తండ్రికి అన్న అయితే బోబో, తమ్ముడైతే షూషూ. మన పెద్దనాన్న, చిన్నాన్నల వలెనే. ఇంగ్లీషు అంకుల్ మాదిరి అందరినీ ఒకే గాటన కట్టదు. ఆ పిల్ల చదువు సంగతి ఏమిటోనని మాకు లోలోపల బెంగగా ఉండేది. మగ్రిబ్ తరువాత మా మరదలు ఇంట్లోనే ఖుర్ఆన్ చెబుతున్నది. ఎదుట కూర్చోబెట్టుకుని చదివించాము. ఉపాధ్యాయుని అలవాటు కొద్దీ తప్పు పట్టాలని చూశాము. 'ఖాఫ్' ఉచ్చారణ ఒక్కచోట జారింది. అంతకు మించి దొరకలేదు.

ఈ నగరం మనవారికి కొత్తదేమీ కాదు. అరబ్బు నావికులు దీనిని ఖాన్‌ఫూ అనేవారు. క్రీ.శ. 851 నాటి అరబీ యాత్రా వృత్తాంతంలో, ఇక్కడి ముస్లిం వర్తకుల తగాదాలు తీర్చడానికి చైనా పాలకుడు ఒక ముస్లింనే న్యాయాధిపతిగా నియమించాడని ఉన్నది. పాత నగరంలోని హ్వాయ్‌షెంగ్ మస్జిద్ పేరుకు 'మహనీయుని స్మరణ' అని అర్థం. ఆ మహనీయుడు దైవప్రవక్త (స). దాని మినారు దాదాపు 36 మీటర్ల ఎత్తున అంతస్తులూ అలంకారాలూ లేకుండా నున్నగా నిలబడి ఉంటుంది. ప్రజలు దానిని దీపస్తంభం అంటారు. ఒకప్పుడు పర్ల్ నది దాని సమీపం దాకా ఉండేది, ఓడలకు ఆ దీపమే గుర్తు. నది ఇప్పుడు దక్షిణానికి తొలగిపోయింది. మినారు మిగిలింది.

జుమాకు తమ్ముడు మమ్మల్ని షియెన్‌షియెన్ మస్జిద్‌కు తీసుకువెళ్ళాడు. అక్కడ ఒక పురాతన సమాధి ఉన్నది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గారిదని స్థానికుల విశ్వాసం. స్వర్గ శుభవార్త పొందిన పది మందిలో ఒకరైన ఆయన మదీనా సమీపంలోని అఖీఖ్‌లో మరణించారనీ, బఖీలో ఖననమయ్యారనీ మన చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఈ సమాధిలో ఉన్నవారెవరైనా, సముద్రాలు దాటి వచ్చి తిరిగి వెళ్ళని తొలి తరం ముస్లిములలో ఒకరై ఉండవచ్చునని మా అభిప్రాయం. సలాం చెప్పి దుఆ చేశాము. నమాజు వరుసలో మా కుడి ప్రక్కన ఆఫ్రికా సోదరుడు, ఎడమ ప్రక్కన తెల్లటోపీ చైనా సోదరుడు. ఇంటి దగ్గర వలెనే ఇక్కడా ఖిబ్లా పడమరకే. ఇంత దూరం తూర్పుకు వచ్చినా తిరిగే దిక్కు మారలేదు.

నమాజు తరువాత ఒక వృద్ధ ఇమాముతో పరిచయమైంది. చైనా ముస్లిములు ఇమామును అహోంగ్ అంటారు. ఫార్సీ ఆఖూంద్‌కు అది రూపాంతరం. మా ఇద్దరికీ తెలిసిన భాష అరబీ ఒక్కటే. అయితే మాటల మధ్య ఆయన జుహర్‌ను పేషీన్ అనీ, అస్ర్‌ను దీగర్ అనీ, మగ్రిబ్‌ను షామ్ అనీ అంటుంటే మేము నివ్వెరపోయాము. అవన్నీ ఫార్సీ పేర్లు. వారికీ నమాజు నమాజే, స్నేహితుడు దోస్తే, కాస్త యాస మార్పుతో. ఏ పుస్తకాలు చదివారని అడిగాము. షర్హె జామీ, షర్హె విఖాయా, షర్హె అఖాయిద్, తఫ్సీరె బైజావీ, ఫార్సీలో గులిస్తాన్ అని వేళ్ళు మడిచి చెప్పారు. పాఠకులలో మదరసా చదివినవారికి మా స్థితి అర్థమవుతుంది. ఇవన్నీ మేమూ చదివినవే! షర్హె జామీలోని కఠిన స్థలాల దగ్గర మా ఉస్తాదుల చేత మొట్టికాయలు తిన్నవాళ్ళమే. 16వ శతాబ్దంలో హూ డెంగ్‌జౌ అనే విద్వాంసుడు షాన్‌షీ ప్రాంతంలో మస్జిద్ విద్యకు పునాది వేశారు. లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ 18వ శతాబ్దంలో మన దర్సె నిజామీని కూర్చారు. మధ్య ఆసియా, ఇరాన్‌ల నుండి వచ్చిన అవే గ్రంథాలు హిమాలయాలకు రెండు వైపులా పిల్లల ఒడిలో చేరాయన్నమాట. అక్కడ మదరసా విద్యార్థిని ఖలీఫా అని పిలుస్తారట. మా విద్యార్థులకు ఈ సంగతి చెప్పాము. వారంపాటు ఒకరినొకరు "ఖలీఫా సాబ్" అని పిలుచుకుని నవ్వుకున్నారు.

భోజనానికి ఇబ్బంది పడలేదు. చింగ్‌జెన్, అనగా స్వచ్ఛము, సత్యము అని రాసిన పచ్చ బోర్డు కనిపిస్తే అది ముస్లిం హోటలు. చింగ్‌హాయ్ రాష్ట్రం నుండి వచ్చిన సోదరులు చేతితో సాగదీసి చేసే సేమియా వంటి లామియెన్, వేడి మాంసపు పులుసుతో, అన్ని వీధులలోనూ దొరుకుతుంది. మా శ్రీమతి మాత్రం గోంగూర పచ్చడి సీసా వెంట లేకుండా ఇల్లు కదలలేదు.

అమ్మీ అడగమన్న ప్రశ్నను వారం రోజులు అడగలేదు. ఎనిమిదవ రాత్రి పిల్లలు పడుకున్నాక తమ్ముడే ఒక పద్దు పుస్తకం తెచ్చి ముందుంచాడు. 2020లో ఒక విదేశీ వర్తకుడు రెండు కంటెయినర్ల సరుకు తీసుకుని దివాలా తీశాడు. ఆ సరుకు తమ్ముడి మాట మీద అప్పుగా ఇచ్చినవాడు ఇక్కడి ఫ్యాక్టరీ యజమాని. నాలుగు లక్షల యువాన్లు. రెండు లక్షల ముప్పై వేలు తీర్చాడు.

"కాగితం ఏదీ లేదు భాయీజాన్. ఇల్లు దాటనివ్వని రోజులలో ఆ మనిషే బియ్యం, కూరలు పంపాడు. అప్పు ఉంచుకుని విమానమెక్కితే పారిపోయాడని బజారంతా అంటుంది. ముస్లింలు ఇంతే అని కూడా అంటుంది."

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"అమ్మీ గాజులు అమ్ముతుంది."

నిజమే, అమ్ముతుంది. అప్పు మిగిల్చిపోయినవారి జనాజా నమాజు చేయించే ముందు దైవప్రవక్త (స) ఆ అప్పు సంగతి విచారించేవారన్న హదీసు మేము బోధించేదే. అప్పు వదిలి రమ్మని చెప్పలేము. తల్లి హక్కును వాయిదా వేయమనీ చెప్పలేము. "ఆ యజమాని దగ్గరికి మమ్మల్ని తీసుకువెళ్ళు" అన్నాము. తమ్ముడికి ఇష్టం లేదు. అయినా తీసుకువెళ్ళాడు.

ఆయనకు అరవై ఏళ్ళుంటాయి. చిన్న చిన్న గిన్నెలలో టీ పోస్తూనే ఉన్నాడు. పిల్ల అనువదించింది. నాన్నగారి జనాజా ఫోనులో విన్న సంగతి, అమ్మీ వయసు, పద్దులో మిగిలిన బాకీ అంతా చెప్పాము. ఆయన చాలాసేపు తమ్ముడి వైపు చూసి ఏదో అన్నాడు. పిల్ల తటపటాయించి చెప్పింది: "నీకు తల్లి ఉందని ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు అంటున్నారు." తరువాత, వసంత పండుగకు ఫ్యాక్టరీ ఎలాగూ మూసి ఉంటుంది, అప్పుడు వెళ్ళి రమ్మని, బాకీ ఎక్కడికీ పోదని అన్నాడట.

ఆ పండుగ 2025లో జనవరి 29న వచ్చింది. తమ్ముడు భార్యాపిల్లలతో వచ్చి పన్నెండు రోజులున్నాడు. మొదటి ఉదయం ఫజ్ర్ తరువాత నాన్నగారి సమాధి దగ్గరికి ఒక్కడే వెళ్తానన్నాడు, వెళ్ళనిచ్చాము. తిరుగు ప్రయాణంలో అతని సంచిలో ఆ యజమాని కోసం అమ్మీ స్వయంగా కట్టిన బాదం పప్పు పొట్లం ఉన్నది. మిగిలిన బాకీ వచ్చే షాబాను నాటికి తీరుతుందని తమ్ముడి లెక్క.